పడిపోయినవాడి చీటీ

ఫిబ్రవరి 4, ఆదివారం

ఒరేయ్ చిన్నోడా,

ముందు కాలు ఎలా ఉందో చెప్పు, మిగతా కబుర్లు తర్వాత. నిన్న మరదలు ఫోన్ చేసినప్పుడు నేను పనిలో ఉన్నాను. నా చెవుల సంగతి నీకు తెలుసుగా, ఇరవై రెండేళ్ళుగా ఈ కాజాల మిషను పక్కన కూర్చుని సగం ఊడిపోయాయి. ఆ పిల్ల ఏడుస్తూ ఏదో చెప్తోంది, నాకేమో "పడిపోయాడు" అన్న ఒక్క ముక్కే వినపడింది. పక్క మిషను అమ్మాయి ఫోన్ లాక్కుని అంతా విని, నా చెవిలో అరిచి చెప్పింది. గురువారం లిఫ్టు గోతిలో నిచ్చెన మీంచి పడ్డావట, మడమ ఎముక విరిగిందట, ప్రాణానికి భయం లేదట. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

టైము చూస్తే ఆరుకి పది నిమిషాలు. శనివారం ఆరింటికి మా సంఘంలో ప్రార్థన మనవుల పెట్టెకి తాళం వేసేస్తారు. జేబుల కొలతలు రాసుకున్న కాగితం వెనక రెండు మాటలు గీకి పరిగెత్తాను. దారిలో చెప్పు తెగింది, అయినా ఆగలేదు. ఈ పొద్దున ఆరాధనలో పాస్టరు అయ్యగారు ఆ చీటీ చదివితే నూట నలభై మంది కళ్ళు మూసుకుని నీ కోసం అడిగారు. ఎంత గట్టిగా చేశారో చెప్పలేను. చీటీలన్నీ జాబితాగా టైపు కొట్టే మాస్టారు, ఏనాడూ ఎవరి కోసం పెదవి విప్పనివాడు, ఆయన కూడా మోకాళ్ళ మీదకి వచ్చేశాడు. నాకు ఏడుపు ఆగలేదురా. నా తమ్ముడి మడమ కోసం ఇంతమందా అనుకున్నాను.

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. మా కత్తిరింపు మాస్టారు నర్సుల కోట్లకి మళ్ళీ రెండూ ఎడమ చేతులే కత్తిరించి పంపాడు. పక్క అమ్మాయి చేత అడిగిస్తే, నాకే చూపు ఆనట్లేదంటాడు. ఆయనతో మాట్లాడి రెండేళ్ళయింది. ఇంకో రెండేళ్ళు కూడా మాట్లాడను, చూసుకో.

కాలు కదపకు. మరదలి మాట విను.

నీ పేరు చెప్పుకుంటూ గుండీలు కుడుతున్న
అక్క


ఫిబ్రవరి 14

అక్కకి,

వందనాలు. ఇంతకు మించిన మర్యాద ఇవాళ నా దగ్గర లేదు.

ఆ చీటీలో నువ్వు ఏం రాశావో నాకు ఇప్పుడు తెలిసింది. మీ సంఘమూ మా సంఘమూ వారం వారం జాబితాలు మార్చుకుంటాయని మర్చిపోయావా? మొన్న ఆదివారం మా దగ్గర చదివారు. "టైలరమ్మ తమ్ముడు పడిపోయాడు. లేవనెత్తమని ప్రార్థించండి." అంతే. నిచ్చెన లేదు, మడమ లేదు, లిఫ్టు లేదు. మన సంఘాల్లో మనిషి పడిపోయాడంటే పాపంలో పడటమేనని నేను నీకు చెప్పాలా?

సోమవారం సాయంత్రం ముగ్గురు ఇంటికి వచ్చారు. సంఘపెద్ద, పాటలు నడిపించే ఆవిడ, ఇంకొకాయన తల ఊపడానికి. సంఘపెద్ద కుర్చీ దగ్గరికి లాక్కుని, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎప్పుడు పడిపోయావు బాబూ?"

"గురువారం అండీ. పదకొండింటికి."

గంట కూడా చెప్తున్నాడని ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"తోడు ఎవరన్నా ఉన్నారా?"

"లేదండీ, ఒక్కణ్ణే. పడ్డాక పైనుంచి ఇద్దరు తొంగిచూశారు."

"ఇదే మొదటిసారా?"

"చిన్నా చితకా చాలాసార్లు పడ్డానండీ. ఇంత లోతుకి ఇదే."

"మీ ఆవిడకి తెలుసా?"

"ఆవిడే కదండీ ఆసుపత్రిలో సంతకం పెట్టింది."

తల ఊపే ఆయన ఊపడం మానేశాడు. కట్టు కట్టిన కాలు దిండు మీద వాళ్ళ ఎదురుగానే ఉంది. తాగి పడ్డాననుకున్నట్టున్నారు, ఆవిడ మంచం కిందకి రెండుసార్లు తొంగిచూసింది. చివరికి సంఘపెద్ద ప్రార్థన మొదలుపెట్టి, ఈ బిడ్డని బురదలోంచి పైకి లాగు ప్రభువా అన్నాక గానీ నాకు వెలగలేదు. ఇది బురద కాదండీ, సిమెంటు గొయ్యి అని అరిచాను. అరిచినందుకు ఇంకా నమ్మకం కుదిరింది వాళ్ళకి. ఆదివారం బడి పిల్లలకి పాఠం చెప్పే పని కొన్నాళ్ళు ఆపుకోమని చెప్పి వెళ్ళారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అనలేదు.

జరిగింది ఇది. నిచ్చెన మెట్టు విరిగింది, నేను పడ్డాను. పాడైన నిచ్చెన ఇచ్చినందుకు మా స్టోరు పెద్దాయన్ని కంపెనీ వాళ్ళు ఇంటికి పంపేశారు కూడా. ఇందులో నా తప్పు ఏముంది? నేనెందుకు తల దించుకోవాలి?

నా పేరు ఆ జాబితాలోంచి తీయించెయ్. నా కోసం ఎవరూ ప్రార్థన చెయ్యక్కర్లేదు. నువ్వు కూడా.

పడిపోని తమ్ముడు


ఫిబ్రవరి 26

ఒరేయ్ పడిపోని తమ్ముడూ,

తప్పు నాదే. లెంపలేసుకున్నాను. కొలతల కాగితం మీద చోటు అంతే ఉంది, పది నిమిషాల్లో అంతకంటే తోచలేదు. మోకాళ్ళ మీదకి వచ్చిన టైపు మాస్టారు ఏ ఉద్దేశంతో వచ్చాడో ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

నిన్న ఆరాధనలో అయ్యగారు కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి చెప్పాను. మా తమ్ముడు పాపంలో పడలేదు, నిచ్చెన మీంచి పడ్డాడు, మడమ విరిగింది అని. గది గదంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వులయ్యాక టైపు మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, అయితే ఇక అవసరం లేదు కదమ్మా అని నీ పేరు కొట్టేశాడు.

అప్పుడొచ్చింది నాకు కోపం. పాపమంటే చెవులు నిక్కబొడుచుకున్నారు, కాలనగానే ఆవులిస్తున్నారు. కాలు సంగతి డాక్టరు చూసుకుంటాడులే అని ఒకావిడ అంది. డాక్టరు ఎముక అతికిస్తాడమ్మా, మళ్ళీ నిచ్చెన ఎక్కే ధైర్యం ఏ కట్టులో పెట్టి కడతాడు అన్నాను. పెన్ను ఆయన చేతిలోంచి లాక్కుని నీ పేరు నేనే మళ్ళీ రాశాను. కాబట్టి నువ్వు తీయించమన్నా తియ్యను. తిట్టుకో, అలుగు, నీ ఇష్టం.

నీకు తెలియంది ఒకటి చెప్తాను. మీ బావ పోయిన ఏడాది నేను ఒక్క రోజు కూడా ప్రార్థన చెయ్యలేదు. గుడ్డ కుక్కినట్టు నోరు పెగిలేది కాదు. గదిలో కూర్చుని గోడ చూసేదాన్ని. మా సంఘంలో ఆడవాళ్ళు వంతులు వేసుకుని, నా బదులు వాళ్ళు అడిగారు. పక్కింట్లో పొయ్యి వెలగకపోతే మనం అన్నం పంపమా, అలాగ. ఏడాది వాళ్ళ నోళ్ళతో బతికాను. అందుకని నాకు వద్దు అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. వద్దనడానికి అది నీ ఒక్కడి సొత్తు కాదు.

ఇంకొక మాట. ఆ స్టోరు పెద్దాయన ఉద్యోగం పోయిందని రాశావు కదా, నా మనసు ఊరుకోలేదు. పొరపాటు ఎవరు చెయ్యరు? ఆయన కోసం కూడా చీటీ వేశాను. ఈసారి తెలివి తెచ్చుకుని ఒక్క ముక్క వదలకుండా రాశాను. "పాడైన నిచ్చెన ఇచ్చి మా తమ్ముడు పడటానికి కారణమైన స్టోరు పెద్దాయన్ని దేవుడు క్షమించి, ఆయన ఉద్యోగం ఆయనకి ఇప్పించాలి." బాగుంది కదూ?

నీ మాట వినని
అక్క


మార్చి 5

అక్కా,

నీకు చేతులెత్తి దండం పెడతాను, ఇంక చీటీలు రాయకు.

ఆ స్టోరు పెద్దాయనది కూడా మా సంఘమే. నీకు తెలియదు, నేను చెప్పలేదు. మొన్న ఆదివారం నీ రెండు చీటీలూ వరసగా చదివారట. నేను మానేశాను, మీ మరదలు వెళ్ళింది. మొదట నాది సవరణ, అందరూ నవ్వారట. తర్వాత ఆయనది. ఆయన మూడో వరసలో కూర్చుని ఉన్నాడట. అందరూ కళ్ళు మూసుకుని ఆయన్ని క్షమించమని దేవుణ్ణి అడుగుతుంటే, కళ్ళు తెరుచుకుని ఎదర గోడకేసి చూస్తూ ఉన్నాడట.

సాయంత్రం ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కర్ర, పైన చంకలో ఒత్తుకోకుండా మెత్త కట్టి తనే చేశాడు. గోడకి ఆనించి, నిలబడే మాట్లాడాడు.

"ఆ నిచ్చెన బుధవారం నేనే ఎక్కి చూశాను. మెట్టు విరిగి నువ్వు పడలేదు. నువ్వు పడితే మెట్టు విరిగింది. నీకు తెలుసు, నాకు తెలుసు."

మేనేజరుకి చెప్పుకోలేకపోయారా అన్నాను. చెప్పాడట. నేను సంతకం పెట్టిన కాగితం మేనేజరు తీసి చూపించాడట. మరి ఈ కర్ర ఎందుకు తెచ్చారు అంటే, నాలుగు వారాలుగా నా కాలు కోసం ప్రార్థన చేస్తున్నానన్నాడు. నాకు మండిపోయింది. ఎవరడిగారు మిమ్మల్ని అన్నాను.

"నీ మీద ప్రేమ కారిపోయి కాదులే," అన్నాడు. "పొద్దున్నే నిన్ను తిట్టుకుంటూ లేస్తున్నాను. తిట్టుకుంటూ దేవుడి ముందు కూర్చుంటే నాకు ఒక్క మాట రావట్లేదు. నీ పేరు ఎత్తితేనే వస్తోంది. నా ఉద్యోగం పట్టుకెళ్ళావు, సరే. నా నోరు కూడా నీకు ఇచ్చెయ్యమంటావా? ఇవ్వను."

బయటికి నడవండి అన్నాను. నడిచాడు. కర్ర వదిలేసి వెళ్ళాడు.

అవును, పడకుండా నడుముకి కట్టుకునే బెల్టు పెట్టుకోలేదు. నాలుగు నిమిషాల పని, బెల్టు కట్టుకుని కొక్కెం తగిలించడానికే ఆరు నిమిషాలు. చెయ్యి జారింది. శుక్రవారం మేనేజరు ఆసుపత్రికి కాగితం పట్టుకొచ్చి బెల్టు ఉందా అని అడిగాడు. లేదంటే ఉద్యోగం ఊడుతుంది, వైద్యం కూడా నా నెత్తినే. విరిగిన మెట్టు గుర్తొచ్చింది. కొక్కెం ఆ మెట్టుకే తగిలించాను, అది విరిగింది అన్నాను. రాసుకున్నాడు, సంతకం పెట్టాను. ఆ తర్వాత పెద్దాయన్ని పంపేస్తారని నాకు తెలుసా? తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో కూడా తెలియదు. ఇప్పుడు తృప్తా నీకు?

అది చాలదన్నట్టు నిన్న ఆ ముగ్గురూ మళ్ళీ వచ్చారు, అపార్థం చేసుకున్నాం క్షమించమని. పదిహేడో తారీకున నేను నిలబడి సాక్ష్యం చెప్పాలట. విరిగిన నిచ్చెన మీంచి దేవుడు ఎలా కాపాడాడో. దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను.

నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఇంట్లో ముగ్గురం తినాలి. మీరందరూ కళ్ళు మూసుకుని నన్ను తరమకండి.

తమ్ముడు


మార్చి 11

చిన్నోడా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అన్నాల వేళ చదివాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి మళ్ళీ చదివాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒక్క చీటీకి నువ్వు అంత ఎగిరినప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు. మా తమ్ముడు అబద్ధం ఆడడు అనుకున్నాను, చెవుల్తో పాటు కళ్ళు కూడా పోయాయి నాకు.

భయంతో ఆడావు, నాకు అర్థమైంది. నేనైనా ఆడేదాన్నేమో. కానీ ఇది ఆలోచించు. నువ్వు ఒక్కడివే ఆడి ఊరుకోలేదు. నా చేత రాయించావు. ఇక్కడ నూట నలభై మంది చేత, అక్కడ మీ సంఘం అంతటి చేత, కళ్ళు మూయించి దేవుడి ముందు ఆడించావు. ఏ తప్పూ చెయ్యని మనిషిని ఆయన ఎదుటే క్షమించామురా మనం. ఆ మూడో వరసలో కూర్చున్న మనిషి స్థానంలో నేనుంటే నీకు కర్ర తెచ్చేదాన్ని కాదు. తెచ్చినా ఆనించడానికి తెచ్చేదాన్ని కాదు.

నిన్ను తరమకండి అన్నావు. తరుముతాను. నువ్వు తలుపు వేసుకుంటే కిటికీ దగ్గర నిలబడతాను. చిన్నప్పుడు నువ్వు పందిట్లో, చెరువు గట్టున, ఎక్కడ తప్పిపోయినా వెతికింది నేను, ఇప్పుడు మానేస్తానా?

ఆ పెద్దాయన మాట నాకు కూడా తగిలింది, నీతో చెప్పకపోతే నేనూ దొంగనే అవుతాను. మా కత్తిరింపు మాస్టారి పేరు రెండేళ్ళుగా నా నోట్లోకి రానివ్వలేదు. నిన్న పొద్దున పళ్ళు బిగబట్టి ఎత్తాను. "ప్రభువా, ఆయన కత్తెర బాగుచెయ్యి" అంతవరకే వచ్చింది. రేపు ఇంకొంచెం వస్తుందేమో.

స్టోరు పెద్దాయన మీద వేసిన చీటీ వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాను. దాని బదులు ఏం రాయమంటావమ్మా అని అయ్యగారు అడిగారు. నాకు తెలియదు అన్నాను. ఏం రాయాలో నువ్వే చెప్పు. పెట్టెకి శనివారం ఆరింటికి తాళం వేస్తారు. ఈ శనివారం కాకపోతే వచ్చే శనివారం. నేను ఎక్కడికీ పోను.

ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ నా రెండు చేతులు ఉన్నాయి.

అక్క


మార్చి 19

అక్కా,

వందనాలు. ఈసారి మనస్ఫూర్తిగానే.

ఆదివారం వెళ్ళాను. పెద్దాయన చేసిన కర్ర మీదే వెళ్ళాను, ఇంకో కర్ర లేదు మరి. సాక్ష్యానికి పిలిచారు. ముందుకి నడిచే దాకా ఏం చెప్తానో నాకే తెలియదు. సాక్ష్యం ఒకసారి ఇచ్చేశానండీ, అది అబద్ధం అన్నాను. బెల్టు సంగతి, మెట్టు సంగతి, కాగితం సంగతి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. పాపం సంఘపెద్దకి ఏమీ అంతుపట్టక లేచి, మెల్లగా అడిగాడు.

"అయితే నువ్వు పడిపోలేదనే కదా నాయనా, మొన్న సవరణ చదివాం?"

"పడ్డానండీ," అన్నాను. "ఆ రోజు మీరు అడిగినప్పుడు నేనే రోజు తప్పు చెప్పాను. గురువారం పడింది కాలు. నేను శుక్రవారం పడ్డాను, సంతకం పెట్టినప్పుడు."

మూడో వరస వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. కూర్చున్నాక స్టోరు పెద్దాయనే లేచి నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. పాట అయ్యాక, మేనేజరు దగ్గరికి ఎప్పుడు వెళ్తావు అన్నాడు. రేపే అన్నాను. నేనూ వస్తాను, మూడో అంతస్తు, అక్కడ లిఫ్టు పాడైంది అన్నాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో లిఫ్టు పాడు. ఇద్దరం నవ్వేశాం, ఆరాధనలోనే.

నిన్న ఎక్కినవి అరవై మూడు మెట్లు. ప్రతి పది మెట్లకీ ఆగాం. చివరి వరసలో కర్ర తనే పట్టుకుని, నా చెయ్యి భుజాన వేసుకుని, దాదాపు మోశాడు. అరవై ఏళ్ళ మనిషి. మీకు నడుం పట్టేస్తుందండీ అంటే, పడితే నువ్వు ప్రార్థన చేద్దువుగాని, మూడు వారాలు నీకు పనుంటుంది అన్నాడు.

మేనేజరు అంతా విన్నాడు. పాత కాగితం తీసి, కొత్త కాగితం రాయించుకున్నాడు. పెద్దాయన్ని ఈ పూట నుంచే పనిలోకి రమ్మన్నాడు. నన్ను ఇంటికి వెళ్ళమన్నాడు. లిఫ్టు పని ఇక ఇవ్వరు, అది ఖాయం. వేరే పని ఇస్తారో, అసలే పంపేస్తారో ఉత్తరం వస్తుందట. వైద్యం సంగతి కూడా అందులోనే. నేను దేనికి భయపడి అబద్ధం ఆడానో అదంతా జరిగేటట్టే ఉంది. అయినా దిగేటప్పుడు నాకు ఆకలి వేసింది అక్కా. నెలన్నర తర్వాత వేసిన ఆకలి. మెట్ల కింద ఇద్దరం నిలబడి రొట్టె తిన్నాం, తర్వాత ఆయన తాళాలు తీసుకుని స్టోరుకి వెళ్ళిపోయాడు.

నీకు చీటీ బాకీ ఉన్నాను. స్టోరు పెద్దాయన మీద రాసినది చింపెయ్, ఆయనకి మా క్షమాపణ అక్కర్లేదు. నాది మటుకు మళ్ళీ వెయ్యి. ముందు రాసినట్టే రాయి. "మా తమ్ముడు పడిపోయాడు. లేవనెత్తమని ప్రార్థించండి." ఒక్క అక్షరం మార్చకు.

చిన్నోడు


మార్చి 24, ఆదివారం

చిన్నోడా,

నిన్న అయిదున్నరకే వెళ్ళి వేశాను. చెప్పు తెగలేదు.

కత్తిరింపు మాస్టారు మొన్న కుడి చెయ్యి ఒకటి, ఎడమ చెయ్యి ఒకటి కత్తిరించి పంపాడు. బాగా కుదిరిందండీ అన్నాను. ఆయన కత్తెర కింద పడేశాడు. రెండేళ్ళ తర్వాత నా గొంతు విని జడుసుకున్నాడట.

ఈ పొద్దున చీటీ జాబితాకి ఎక్కిస్తూ టైపు మాస్టారు నన్ను పిలిచాడు. ఈసారి పొరపాటు జరగకూడదని కాబోలు, కళ్ళజోడు సర్దుకుని అందరి ముందూ అడిగాడు. "పడిపోయాడు అంటే ఏ పడటం అమ్మా? కాలా, ఇంకొకటా? ఏదో ఒకటి తెలిస్తే దానికి తగ్గట్టు అడుగుతాం."

నాకు సగం చెవులే ఉన్నా ఆ మాట బాగా వినపడింది. నేనేమన్నానో చెప్తాను, తిట్టుకోకు.

"ఎలా పడ్డాడో ఆ ప్రభువుకి తెలుసు మాస్టారూ. మీరు ఓ చెయ్యి వేసి ఎత్తండి."

తర్వాత టైపు మాస్టారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీదకి వచ్చాడు.

అక్క